చప్పుడు లేని ఇంట్లో పుట్టిన గొంతు

అమ్మకు వినపడదు. నాన్నకూ వినపడదు. ఆ ఇంట్లో పుట్టిన పిల్లాడు గొంతును నమ్ముకుని నాటకాల్లోకి వెళ్లాడు. సినిమాల్లో హీరో వేషాలు ఆయన దరిదాపులకు రాలేదు. కానీ యాభయ్యేళ్లు దాటాక ఒక మాస్టారి వేషం వేస్తే... లండన్‌, న్యూయార్క్‌ రెండూ ఆయన్ని ఉత్తమ నటుడన్నాయి. హ్యారీపోటర్‌ పెదనాన్నగా పిల్లలందరికీ తెలిసిన రిచర్డ్‌ గ్రిఫిత్స్‌ కథ ఇది.

రిచర్డ్‌ గ్రిఫిత్స్‌ ఎవరంటే చాలామంది తెల్లమొహం వేస్తారు. 'హ్యారీపోటర్‌ సినిమాలో లావుగా ఉంటాడే, ఆ పెదనాన్న' అనండి. ఇంట్లో పిల్లలు ఠక్కున గుర్తుపట్టేస్తారు. హ్యారీని మెట్ల కింద గూట్లో పడుకోబెట్టేవాడు, హాగ్వార్ట్స్‌ నుంచి ఉత్తరాలు రాకుండా తలుపు కన్నానికి చెక్క బిగించేవాడు, మాట్లాడితే చాలు మొహం ఎర్రగా చేసుకుని అరిచేవాడు... వెర్నన్‌ డర్స్‌లీ. ఆయన్ని తిట్టుకోకుండా ఆ సినిమా చూసిన పిల్లలు ఉండరేమో!

ఇక్కడో చిత్రం ఉంది. కథలో హ్యారీ పుట్టినరోజు జులై 31. ఆ పుట్టినరోజును ఏనాడూ పట్టించుకోని పెదనాన్న వేషం వేసిన గ్రిఫిత్స్‌ పుట్టిందీ జులై 31నే. 1947లో.

అంతకన్నా పెద్ద చిత్రం ఆయన బాల్యం. తెర మీద ఇల్లదిరిపోయేలా అరిచిన ఆ మనిషి చిన్నప్పుడు ఇంట్లో ఎంత అరిచినా వినేవాళ్లు లేరు.

మాటకన్నా ముందు సైగ

ఇంగ్లండ్‌కు ఈశాన్యాన, టీస్‌ నది ఒడ్డున థోర్నబీ అనే ఊరుంది. చుట్టుపక్కలంతా ఉక్కు కార్ఖానాలు, ఓడలు కట్టే యార్డులు, రసాయనాల ఫ్యాక్టరీలు. ఆస్ట్రేలియాలోని ప్రసిద్ధ సిడ్నీ హార్బర్‌ వంతెనకు వాడిన ఉక్కులో ఎక్కువ భాగం వెళ్లింది ఈ ప్రాంతం నుంచే. గ్రిఫిత్స్‌ తండ్రి అలాంటి ఉక్కు కార్మికుల్లో ఒకరు. ఆయనా, ఆయన భార్యా ఇద్దరూ బధిరులే. ఇంట్లో భార్యాభర్తల కబుర్లయినా, కొడుకును ముద్దుచేయడమైనా, కోప్పడటమైనా అంతా చేతులతోనే.

మామూలు పిల్లలు అమ్మ మాట వింటూ మాట నేర్చుకుంటారు. ఈ పిల్లాడు అమ్మ చేతులు చూస్తూ సైగ నేర్చుకున్నాడు. తాను మాట్లాడాలంటే చేతులతో మాట్లాడాలి. తనను వినాలంటే అమ్మానాన్నలు తనవైపు చూడాలి. వాళ్లు అటు తిరిగారంటే, ఇక ఆ మాట అక్కడితో ఆగిపోయినట్టే.

ఇలాంటి ఇళ్లలో పిల్లలు తొందరగా పెద్దవాళ్లయిపోతారు. కొట్టువాడు చెప్పిన ధర అమ్మకు చెప్పాలి. డాక్టరు చెప్పిన జాగ్రత్తలు నాన్నకు చెప్పాలి. వాళ్ల జవాబును తిరిగి మాటల్లోకి మార్చి అవతలివాళ్లకు అందించాలి. ఆడుకోవాల్సిన వయసులో ఇంటికీ ఊరికీ మధ్య వారధి అయిపోతారు. ఈ పనిలో మాట ఒక్కటే చేరవేస్తే చాలదు. కొట్టువాడు విసుక్కున్నాడా, డాక్టరు భరోసా ఇచ్చాడా అన్నది కూడా మొహంలోనే చూపించాలి. అలా చూస్తే గ్రిఫిత్స్‌ నటనకు మొదటి బడి ఏ డ్రామా కాలేజీయో కాదు, ఆ ఇల్లే.

పైగా ఆ రోజుల్లో సైగల భాషకు పెద్దగా గౌరవం లేదు. బధిరులకు చదువు చెప్పే ఉపాధ్యాయులు 1880లో ఇటలీలోని మిలన్‌లో సదస్సు పెట్టుకుని, బడుల్లో సైగలు వద్దు, పెదవుల కదలిక చూసి మాట్లాడటమే నేర్పాలని తీర్మానించారు. దాని ప్రభావం దశాబ్దాల పాటు యూరప్‌ అంతటా ఉంది. బ్రిటన్‌ ప్రభుత్వం అక్కడి సైగల భాషను ఒక భాషగా గుర్తించింది 2003లో. దానికంటూ ప్రత్యేకంగా చట్టం వచ్చింది 2022లో. అంటే గ్రిఫిత్స్‌ నేర్చుకున్న తొలి భాషకు ఒక భాషగా గుర్తింపు దక్కేనాటికి ఆయనకు యాభయ్యేళ్లు దాటిపోయాయి.

బాల్యం సాఫీగా సాగలేదు. డబ్బుకు కటకట. ఇంట్లో ఇమడలేక ఒకసారి కాదు, పలుమార్లు పారిపోవాలని చూశాడు.

ఒక్క చికిత్సతో మారిన శరీరం

వెర్నన్‌ పెదనాన్నను చూసినవాళ్లు నమ్మలేని నిజం ఒకటుంది. గ్రిఫిత్స్‌ చిన్నప్పుడు బక్కపలచగా ఉండేవాడు. ఎంత బక్కగా అంటే, ఇలా వదిలేస్తే లాభం లేదని ఎనిమిదేళ్ల వయసులో డాక్టర్లు చికిత్స మొదలుపెట్టారు. మెదడు అడుగున బఠాణీ గింజంత ఉండే పిట్యూటరీ గ్రంథికి రేడియేషన్‌ ఇచ్చారు. శరీరంలోని ఎదుగుదలను, ఎన్నో హార్మోన్లను అదుపులో పెట్టే గ్రంథి అది. చికిత్స తర్వాత అంతా తలకిందులైంది. తిన్నది ఖర్చుచేసే వేగం తగ్గిపోయింది, పిల్లాడు లావెక్కడం మొదలుపెట్టాడు. ఆ లావు ఇక జీవితాంతం వదల్లేదు. తన ఊబకాయానికి కారణం ఆ చికిత్సేనని తర్వాతి రోజుల్లో ఆయనే చెప్పుకున్నారు.

తిండి వల్ల వచ్చిన లావు కాదు, బద్ధకం వల్ల వచ్చిందీ కాదు. అయినా చూసేవాళ్లకు అవన్నీ ఎందుకు? లావుపాటి పిల్లాడంటే లోకానికి ఒక నవ్వు, ఒక ఎగతాళి. ఆ నవ్వును ఏం చేసుకోవాలో తెలియడానికి ఆయనకు చాలా ఏళ్లు పట్టింది.

పదిహేనేళ్లకే బడి మానేశాడు. లిటిల్‌వుడ్స్‌ అనే వ్యాపార సంస్థలో సామాన్లు మోసే పనిలో కుదిరాడు. చదువు రాని కార్మికుడి కొడుకు మరో కార్మికుడు కావడం ఆ ఊళ్లో వింతేమీ కాదు. కథ అక్కడే ముగిసిపోయేది కూడా. కానీ ఆ సంస్థలో ఆయన పై అధికారికి ఈ కుర్రాడి బుర్రలో ఏదో ఉందనిపించింది. 'ఇక్కడ మూటలు మోస్తూ ఉండిపోకు, వెళ్లి చదువుకో' అని పోరాడు. ఆ పోరు ఫలించింది. గ్రిఫిత్స్‌ మళ్లీ చదువులో పడ్డాడు. అక్కడ కాలేజీలో ఒక డ్రామా క్లాసులో చేరాడు.

ఆ క్లాసులో అతనికి అన్నాళ్లూ దొరకనిది దొరికింది. తాను మాట్లాడుతుంటే వినే మనుషులు.

నవ్వించే పని... వినే పని

అక్కణ్నుంచి మాంచెస్టర్‌. అక్కడి పాలిటెక్నిక్‌లో నటన నేర్చుకున్నాడు. చదువయ్యాక బీబీసీ రేడియోలో అవకాశం వచ్చింది. మొహం కనిపించదు, శరీరం కనిపించదు, ఉన్నదల్లా గొంతు. వినపడని ఇంట్లోంచి వచ్చిన కుర్రాడికి మొదటి రోజుల్లోనే వినడం ఒక్కటే తెలిసిన మాధ్యమంలో పని దొరకడం, విధి ఆడిన సరదా ఆటలా ఉంటుంది.

తర్వాత చిన్న చిన్న థియేటర్లలో పనిచేశారు. నటించడంతో పాటు ఒక్కోచోట మేనేజరు పని కూడా చేశారు. బ్రిటన్‌లో నటులు తయారయ్యేది ఎక్కువగా ఇలాంటి చోటే. ఓ వారం ముసలాడు, ఓ వారం పోలీసు, ఇంకోవారం రాజుగారి బంటు. ఏ వేషమొచ్చినా కాదనకూడదు. డైలాగు ఒక్కటే అయినా, వెనకవరుసలో కూర్చున్నవాడికి కూడా స్పష్టంగా వినపడాలి.

అలా రాటుదేలి రాయల్‌ షేక్‌స్పియర్‌ కంపెనీ చేరారు. షేక్‌స్పియర్‌ సొంతూరు స్ట్రాట్‌ఫర్డ్‌ కేంద్రంగా నడిచే ఆ సంస్థలో పనిచేయడం అక్కడి నటులకు గొప్ప గౌరవం. గ్రిఫిత్స్‌కు అక్కడ మొదట వచ్చినవి నవ్వించే వేషాలు. 'మెజర్‌ ఫర్‌ మెజర్‌'లో పాంపే అనే గడుసు బంటు. 'ఎ మిడ్‌సమ్మర్‌ నైట్స్‌ డ్రీమ్‌'లో గాడిద తల తగిలించుకుని తిరిగే నేతపనివాడు బాటమ్‌. ఆ తర్వాత 1983 నాటికి రాజు వేషానికీ ఎదిగారు. ఎనిమిదో హెన్రీగా నటించారు.

లావుపాటి మనిషిని స్టేజీ ఎక్కించి నవ్వించమంటే తేలికదారి ఒకటుంది. పడటం, లేవడం, పొట్ట ఊపడం. గ్రిఫిత్స్‌ ఆ దారి పట్టలేదు. ఆయన నడక తేలిగ్గా ఉండేది. చేతులు మరీ సున్నితంగా కదిలేవి. గొంతు వెన్నలా మెత్తగా మొదలై, అవసరమైన చోట మాత్రమే ఉరిమేది. చూసేవాళ్లు ఆ శరీరాన్ని చూసి నవ్వుదామని సిద్ధపడేలోగా ఆయన మాటతో నవ్వించేసేవారు.

హాస్యం వేసే నటులకు తెలిసిన రహస్యం ఒకటుంది. నవ్వించాలంటే మాట్లాడటం వస్తే చాలదు, వినడం రావాలి. హాల్లో నవ్వు ఎక్కడ మొదలైంది, ఎంత పైకి లేచింది, ఎప్పుడు తగ్గుముఖం పట్టింది... అంతా వినాలి. నవ్వు పూర్తిగా ఆగిపోయాక తర్వాతి మాట అంటే ఊపు పోతుంది. ముందే అంటే మాట నవ్వులో కలిసిపోతుంది. ఆ సందు చూసుకుని మాట వదలడంలో గ్రిఫిత్స్‌ది అందెవేసిన చెయ్యి.

చిన్న వేషాలు, పెద్ద సినిమాలు

మన సినిమా భాషలో చెప్పాలంటే ఆయన క్యారెక్టర్‌ ఆర్టిస్టు. కథను హీరో నడిపిస్తుంటే, మధ్యలో వచ్చి రెండు నిమిషాల్లో ఒక మనిషిని మన కళ్లముందు నిలబెట్టి వెళ్లిపోయే రకం. 1980లలో వచ్చిన పేరున్న సినిమాల్లో వెతికితే ఏదో ఒక మూల ఆయన కనిపిస్తారు. 'సూపర్‌మ్యాన్‌ 2'లో ఈఫిల్‌ టవర్‌ దగ్గర ఉగ్రవాదుల్లో ఒకడు. 'చారియట్స్‌ ఆఫ్‌ ఫైర్‌'లో కాలేజీ ద్వారపాలకుల పెద్ద. రిచర్డ్‌ అటెన్‌బరో తీసిన 'గాంధీ'లోనూ ఉన్నారు. కాలిన్స్‌ అనే చిన్న పాత్ర. మన దేశంలో ఎన్నో కుటుంబాలు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లి చూసిన సినిమా అది. వెర్నన్‌ పెదనాన్నను ఆ పిల్లల తల్లిదండ్రులు ఎప్పుడో 1982లోనే చూసేశారన్నమాట, గుర్తుపట్టకుండానే.

టీవీ మాత్రం ఆయనకు ముఖ్యపాత్రలే ఇచ్చింది. 1982లో బీబీసీలో వచ్చిన 'బర్డ్‌ ఆఫ్‌ ప్రే'లో హెన్రీ జే అనే మామూలు ప్రభుత్వోద్యోగి. కంప్యూటర్‌ మోసం ఒకటి తవ్వుతూ పోయి పెద్ద కుట్రలో ఇరుక్కుంటాడు. 1994లో మొదలైన 'పై ఇన్‌ ద స్కై'లో హెన్రీ క్రాబ్‌ అనే పోలీసు అధికారి. ఉద్యోగం వదిలేసి హోటలు నడుపుకొంటూ వంటచేసుకోవాలని ఆయన ఆశ. డిపార్ట్‌మెంటు వదలదు. ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో కేసు. 40 ఎపిసోడ్లు సాగిన ఆ సీరియల్‌తో ఆయన బ్రిటన్‌ కుటుంబాలకు ఇంట్లోమనిషి అయిపోయారు.

ఈ రెంటికీ మధ్యలో వచ్చింది 1987 నాటి 'విత్‌నెయిల్‌ అండ్‌ ఐ'. పనిలేని ఇద్దరు కుర్ర నటుల కథ. బీటిల్స్‌ బృందంలోని జార్జ్‌ హారిసన్‌ కంపెనీ నిర్మించింది. విడుదలైనప్పుడు పెద్దగా ఆడలేదు. పోనుపోనూ బ్రిటన్‌లో దానికి వీరాభిమానులు తయారయ్యారు. అందులో గ్రిఫిత్స్‌ది మాంటీ అనే డబ్బున్న ఒంటరి ముసలాయన పాత్ర. పూలకన్నా కూరగాయలే అందమైనవని నమ్మే మనిషి. కుర్రతనంలో నటుడవ్వాలనుకుని, హామ్లెట్‌ వేషం తనకు ఎన్నటికీ దక్కదని తెలిసిన రోజున ఆ ఆశ వదిలేసుకున్న మనిషి. పైకి నవ్వు తెప్పిస్తాడు. నవ్వు ఆగాక గుండె కలుక్కుమంటుంది. ఆ వేషంలో గ్రిఫిత్స్‌ను చూస్తుంటే, అందగాళ్లకే రాసిపెట్టిన పాత్రల్ని దూరం నుంచి చూసుకునే క్యారెక్టర్‌ నటులందరి తరఫునా ఆయన మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

తెరమీద తిట్లు... తెరవెనక ధైర్యం

2000 ఆగస్టు. హ్యారీపోటర్‌ మొదటి సినిమా పూర్తిస్థాయి షూటింగుకు ముందు డర్స్‌లీల ఇంటి బయట ఓ షాట్‌ తీశారు. హ్యారీ వేషంలో డానియల్‌ రాడ్‌క్లిఫ్‌కు అదే మొట్టమొదటి షాట్‌. పదకొండేళ్ల పిల్లాడు. ప్రపంచమంతా ఎదురుచూస్తున్న సినిమా భారమంతా ఆ చిన్న భుజాల మీద. సహజంగానే కాళ్లూ చేతులూ ఆడలేదు. అప్పుడు పక్కన నిలబడి భయం పోగొట్టింది ఎవరో కాదు, కథలో ఆ పిల్లాడిని కాల్చుకుతినే పెదనాన్నే. ఈ సంగతి రాడ్‌క్లిఫ్‌ తర్వాత ఎంతో ఆప్యాయంగా చెప్పుకున్నాడు.

2001 నుంచి 2010 దాకా ఐదు హ్యారీపోటర్‌ సినిమాల్లో గ్రిఫిత్స్‌ కనిపించారు. ఒక్కోదాంట్లో ఉండేది కొన్ని నిమిషాలే. అయినా ఆ కొద్దిసేపట్లో ఆయన చేసే పని పెద్దది. మాయలోకం అంత అందంగా కనిపించాలంటే, హ్యారీ వదిలి వచ్చే ఇల్లు అంత ఇరుకుగా ఉండాలి కదా! పిల్లలు మరీ జడుసుకోకుండా నవ్వుతూనే అసహ్యించుకునే పెదనాన్నను ఆయన తయారుచేసి పెట్టారు.

యాభయ్యారేళ్లకు వచ్చిన వేషం

ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది మాత్రం సినిమా కాదు, నాటకం. పేరు 'ద హిస్టరీ బాయ్స్‌'. రాసింది అలన్‌ బెన్నెట్‌, దర్శకుడు నికొలస్‌ హైట్నర్‌. 2004 మే నెలలో లండన్‌ నేషనల్‌ థియేటర్‌లో మొదలైంది.

కథ 1980ల నాటిది. షెఫీల్డ్‌లోని ఒక బడి. ఎనిమిదిమంది తెలివైన కుర్రాళ్లు ఆక్స్‌ఫర్డ్‌, కేంబ్రిడ్జ్‌ ప్రవేశపరీక్షలకు సిద్ధమవుతుంటారు. హెడ్మాస్టరుకు కావాల్సింది సీట్లు, బడికి పేరు. అందుకోసం ఇర్విన్‌ అనే కుర్ర మాస్టారిని తీసుకొస్తాడు. పరీక్ష దిద్దేవాడిని ఎలా ఆకట్టుకోవాలో, పాత ప్రశ్నకు కొత్తగా ఎలా జవాబు రాయాలో ఆయన నేర్పుతాడు. అప్పటికే అక్కడ హెక్టర్‌ అనే పెద్ద మాస్టారున్నాడు. ఆయన క్లాసులో కవితలు, పాత పాటలు, సినిమా సీన్లు, ఆటపాటలు. పరీక్షకు పనికిరావు. ఎందుకివన్నీ అంటే ఇప్పుడు కాదురా, జీవితంలో ఎప్పుడో ఒకరోజు పనికొస్తాయంటాడు. ర్యాంకు కోసం చదివే చదువా? బతుక్కి తోడుండే చదువా? పిల్లలున్న ఏ ఇంట్లోనైనా తెగని వాదనే ఇది.

హెక్టర్‌ దేవుడేమీ కాదు. శిష్యులను మోటారుసైకిలు ఎక్కించుకుని వాళ్లతో హద్దు మీరి ప్రవర్తిస్తాడు. ఆ తప్పును నాటకం దాచిపెట్టదు. అంత చదువు చెప్పినవాడు ఇలా ఎలా చేశాడన్న ప్రశ్న ప్రేక్షకుడి గొంతులో ముల్లులా మిగులుతుంది. అలాంటి మనిషిని మంచివాడిగా చూపిస్తే అబద్ధం, రాక్షసుడిగా చూపిస్తే ఇంకో అబద్ధం. గ్రిఫిత్స్‌ రెండూ చేయలేదు. పిల్లల ముందు చెలరేగే ఆ మాస్టారి లోపల ఎంత వెలితి ఉందో చూపించారు. ఒక సీన్లో ఒకే ఒక్క శిష్యుడితో కూర్చుని ఒక కవిత గురించి మాట్లాడుకుంటారు. అరుపుల్లేవు, హడావుడి లేదు. ఒకరు చెబుతుంటే ఒకరు వినడం. నాటకం మొత్తానికి గుండెకాయ ఆ సీనే.

2005లో లండన్‌లో ఇచ్చే ఒలివియర్‌ అవార్డుల్లో ఉత్తమ నటుడు ఆయనే. తర్వాత నాటకం హాంకాంగ్‌, న్యూజిలాండ్‌ మీదుగా సిడ్నీ వెళ్లింది. ఏ వంతెనకైతే తమ ప్రాంతపు ఉక్కు వెళ్లిందో ఆ ఊరికి ఉక్కు కార్మికుడి కొడుకు తన గొంతు తీసుకెళ్లాడు. అక్కణ్నుంచి న్యూయార్క్‌. 2006 టోనీ అవార్డుల్లో ఆ నాటకానికి ఆరు దక్కాయి. అందులో ఉత్తమ నటుడి పురస్కారం గ్రిఫిత్స్‌ది. పోటీలో ఉన్నవారిలో రాల్ఫ్‌ ఫైన్స్‌ ఒకరు. అదేనండీ, హ్యారీపోటర్‌లో వోల్డెమార్ట్‌! మాయలమారి విలన్‌ మీద ఏ మంత్రమూ రాని పెదనాన్న గెలిచాడన్నమాట. అదే ఏడాది నాటకంలోని నటులతోనే సినిమా కూడా వచ్చింది. 2008లో బ్రిటన్‌ ప్రభుత్వం ఓబీఈ బిరుదు ఇచ్చింది.

హాల్లో ఫోను మోగితే...

అవార్డులకన్నా ఆయన పేరు పేపర్లలో ఎక్కువగా మోగింది ఇంకో కారణంతో. 2005 నవంబరులో లండన్‌ విండమ్స్‌ థియేటర్‌లో 'హీరోస్‌' నాటకం ఆడుతోంది. జాన్‌ హర్ట్‌, కెన్‌ స్టాట్‌లతో కలిసి గ్రిఫిత్స్‌ మాజీ సైనికుడి వేషం వేస్తున్నారు. ప్రేక్షకుల్లో ఒకావిడ సెల్‌ఫోన్‌ మోగింది. ఊరుకున్నారు. మళ్లీ మోగింది. మళ్లీ ఊరుకున్నారు. ఇంకోసారి మోగేసరికి ఆయన వేషం పక్కనపెట్టి, నాటకం ఆపి, నేరుగా ఆవిడతో మాట్లాడారు. దయచేసి బయటికి వెళ్లమన్నారు. హాలంతా చప్పట్లు. అంతకుముందు 'హిస్టరీ బాయ్స్‌' ఆడేటప్పుడూ ఒకాయన ఫోను పదేపదే మోగుతుంటే ఇలాగే బయటికి పంపించారు.

కోపిష్టి అన్నవాళ్లూ ఉన్నారు. కానీ ఆయన పెరిగిన ఇంటిని గుర్తుచేసుకుంటే ఆ కోపం వేరేలా కనిపిస్తుంది. కళ్లు తనవైపు తిప్పుకోకపోతే అమ్మానాన్నలతో ఒక్క ముక్క కూడా చెప్పలేని పిల్లాడాయన. ఎదుటివాళ్ల ధ్యాస ఎంత విలువైనదో ఆయనకు తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది? వినలేని అమ్మానాన్నలు కళ్లప్పగించి కొడుకును 'వినేవాళ్లు'. ఇక్కడేమో చెవులున్న మనిషి టికెట్‌ కొనుక్కుని వచ్చి మరీ వినడం లేదు!

తెర దిగాక మాత్రం ఆయన కబుర్ల పుట్ట. ఒక కథ మొదలుపెడితే అందులోంచి ఇంకో కథ, దాంట్లోంచి మరోటి. ఆయన చెప్పే కబుర్లు తోటి నటుల మధ్య పెద్ద పేరు తెచ్చుకున్నాయి. ఇంట్లో ఇన్నేళ్లు చెప్పకుండా దాచుకున్న మాటలన్నీ ఒక్కసారే బయటికి వస్తున్నాయా అన్నట్టుండేది.

మళ్లీ ఆ పిల్లాడి పక్కనే

2007లో రాడ్‌క్లిఫ్‌ సినిమా పక్కనపెట్టి స్టేజీ ఎక్కాడు. నాటకం 'ఈక్వస్‌'. గుర్రాల కళ్లు పొడిచేసిన ఒక కుర్రాడి మనసులో ఏముందో తెలుసుకోవాలని ప్రయత్నించే మానసిక వైద్యుడి కథ. కుర్రాడు రాడ్‌క్లిఫ్‌, వైద్యుడు గ్రిఫిత్స్‌. పదిహేడేళ్ల వయసులో, ప్రపంచమంతా 'హ్యారీపోటర్‌ నటిస్తాడా, చూద్దాం' అని కూర్చున్నచోట, అతనికి ఎదురుగా ఉన్నది ఎప్పుడో మొదటి షాట్‌లో ధైర్యం చెప్పిన మనిషే. ఆ నాటకంలో గ్రిఫిత్స్‌ పాత్రకు పని ముఖ్యంగా వినడం. కుర్రాడి ఒక్కో మాటనూ ఓపిగ్గా రాబట్టడం. మరుసటి ఏడాది ఇద్దరూ దాన్ని న్యూయార్క్‌లోనూ ఆడారు. మొదటి నాటకమని వణికిపోతుంటే ఆయన నేర్పిన పాఠాలూ, వేసిన జోకులే తనను నిలబెట్టాయని రాడ్‌క్లిఫ్‌ చెప్పాడు.

2009లో బెన్నెట్‌ మరో నాటకం 'ద హ్యాబిట్‌ ఆఫ్‌ ఆర్ట్‌'. కవి ఆడెన్‌ వేషానికి ముందు అనుకున్నది మైఖేల్‌ గాంబన్‌ను. అంటే హ్యారీపోటర్‌లో డంబుల్‌డోర్‌. ఆయనకు ఒంట్లో బాగోలేక తప్పుకొంటే ఆ బరువు గ్రిఫిత్స్‌ ఎత్తుకున్నారు. 2012లో లండన్‌లోనే డానీ డివిటోతో కలిసి 'ద సన్‌షైన్‌ బాయ్స్‌' ఆడారు. ఒకప్పుడు జంటగా వెలిగి తర్వాత మొహాలు చూసుకోవడం మానేసిన ఇద్దరు ముసలి హాస్యనటుల కథ అది.

2013 మార్చి 28న, గుండె ఆపరేషన్‌ తర్వాత వచ్చిన ఇబ్బందులతో గ్రిఫిత్స్‌ కన్నుమూశారు. అరవై అయిదేళ్లు. ఆ ఏడాదే విడుదలైన 'అబౌట్‌ టైమ్‌' సినిమాలో ఆయన ఒక చిన్న సీన్లో ఉన్నారు. వేసింది నాటకాల నటుడి వేషమే. పక్కన 'విత్‌నెయిల్‌'లో మేనల్లుడిగా వేసిన రిచర్డ్‌ ఇ. గ్రాంట్‌. అంత్యక్రియల ప్రార్థన స్ట్రాట్‌ఫర్డ్‌లో, షేక్‌స్పియర్‌ సమాధి ఉన్న చర్చిలో జరిగింది. సామాన్లు మోసే కుర్రాడు చేరుకున్న దూరం అది.

ఆయన క్లాసులో కూర్చున్న 'హిస్టరీ బాయ్స్‌' తర్వాత ఏమయ్యారో చూస్తే ముచ్చటేస్తుంది. శిష్యుడి వేషాలు వేసిన డొమినిక్‌ కూపర్‌, రసెల్‌ టోవీ, జేమ్స్‌ కోర్డన్‌ పేరున్న నటులయ్యారు. కోర్డన్‌ 2012లో టోనీ అందుకున్నాడు. 'ఈక్వస్‌'లో భయపడుతూ స్టేజీ ఎక్కిన రాడ్‌క్లిఫ్‌కు 2024లో టోనీ వచ్చింది. నేర్చుకున్నది మీ దగ్గరే ఉంచుకోవద్దు, తర్వాతివాళ్లకు అందించమంటాడు నాటకంలో హెక్టర్‌ మాస్టారు.

గ్రిఫిత్స్‌ అందించింది పెద్ద రహస్యమేమీ కాదు. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే అతనివైపు తిరిగి, చూస్తూ, వినడం. అది ఆయనకు చెవులు వినపడని ఇద్దరు నేర్పిన విద్య.